అడగని బకెట్లో శంఖం

ఊరంతా ఆవిడని గవ్వలత్త అంటారు. ఒడ్డున గవ్వలూ శంఖాలూ ఏరుకొచ్చి, తలుపులకి తెరలు గుచ్చి అమ్ముతుంది. వాకిట్లో ఆవిడకి రెండు బకెట్లుంటాయి. ఒకటి అడగనివాటికి, ఇంకోటి అడిగినవాటికి. తెచ్చిన శంఖాన్ని ముందు సముద్రపు నీళ్లలో నానబెట్టి, చెంచాతో టకటకా కొట్టి, "ఎవరమ్మా లోపల?" అని అడుగుతుంది. ఏదీ కదలకపోతేనే అది రెండో బకెట్లోకి వెళుతుంది.

కొత్తల్లుడికి ఇదంతా నవ్వులాట. దర్జీ మనిషి, కత్తెరకంటే నోరే ఎక్కువాడుతుంది. "లోపలున్నవాళ్లు అద్దె సరిగ్గా ఇస్తున్నారా అత్తయ్యా?" అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. కానీ అల్లుడాయె, ఆ కోపమంతా చెంచా మీద చూపించింది.

ఆ ఉదయం అతను చారల శంఖమొకటి తీసి జేబులో వేసుకున్నాడు. తన చేత్తో కుట్టుకున్న కొత్త చొక్కా, దానికి లోతైన జేబు. "నీకోటి తెచ్చాను, తీసుకో" అని పెళ్లాం ముందు నిలబడ్డాడు. ఆ పిల్ల నవ్వుతూ జేబులోకి చెయ్యి పెట్టబోయింది.

"ఏ బకెట్లోది?" అంది అత్త.

"తలుపు పక్కదాన్లోది."

తలుపు పక్కది అడగనిది. గవ్వలత్త ఒక్క అంగలో దగ్గరికొచ్చింది.

"చెయ్యి తియ్యవే. బాబూ, జేబు ముట్టుకోకుండా మెల్లగా చొక్కా విప్పండి."

ఆ గొంతు విని అల్లుడు మెల్లగా చొక్కా విప్పి ఇచ్చాడు. ఆవిడ కాలరు పట్టుకుని చొక్కాని అలాగే బకెట్లో ముంచింది. కాసేపటికి జేబులోంచి నిమ్మకాయంత ఆక్టోపస్ ఒకటి బయటికొచ్చింది. ఆవిడ చెంచాతో బకెట్‌ని టకటకా కొట్టగానే దాని ఒంటినిండా నీలం ఉంగరాలు వెలిగాయి.

"భలే ముద్దుగా ఉందే," అన్నాడు అల్లుడు, బనీనుతో నిలబడి.

"ఇది కరిస్తే చీమ కుట్టినట్టైనా ఉండదు. కాసేపటికి ఊపిరి ఆగిపోతుంది, విరుగుడు లేదు. చిన్నప్పుడు మా అన్నయ్య అడక్కుండా వేలు పెట్టాడు." ఆవిడ గడప మీద కూలబడి ఏడ్చేసింది. "మీ ఇద్దరిలో ఎవరికేమైనా నేను బతకగలనా?"

అల్లుడు పక్కన కూర్చున్నాడు. తర్వాత ఇద్దరూ బకెట్ మోసుకెళ్లి, ఆ అద్దెమనిషిని సముద్రంలో దింపొచ్చారు.

ఇప్పుడతని కొట్లో కుట్టుమిషను పక్కన ఓ చెంచా ఉంటుంది. ఎవరి పాత చొక్కా బాగుచెయ్యడానికొచ్చినా సరే, ముందు జేబు మీద టకటకా కొట్టి "ఎవరమ్మా లోపల?" అని అడిగాకే కత్తెర పట్టుకుంటాడు.