చిన్నాన్న కోరిన ఒక్క మాట

ప్లీడరమ్మగారు పోయారని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో, మా కాలేజీ లైబ్రరీలో, కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నాను. "నిన్న రేతిరి దాకా బాగానే ఉన్నారంట. నిద్దట్లోనే పోయారంట" అని, కాసేపు ఆగి, "సిన్నాన్నకి ఎలా సెప్పాలమ్మా?" అన్నాడు. నాన్న నన్ను అడిగి ఏ పనీ చేసే మనిషి కాదు. ఆ ప్రశ్న విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

నరసన్నపేటలో ఒక మందుల షాపు మీది గదిలో ఆవిడ ఆఫీసు. వీలునామాలు, ట్రస్టు పత్రాలు రాసేవారు. తాను రాసిన కాగితం ఎప్పటికీ కోర్టు మెట్లు ఎక్కకపోతేనే అది మంచి కాగితం అనేవారు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మా కోటబొమ్మాళి వైపు ఊళ్లలో అందరికీ ఆవిడ ప్లీడరమ్మే.

చిన్నాన్న మా నాన్నకు తమ్ముడు. జుట్టు నెరిసింది కాని లోకం తెలియదు. డబ్బు విలువ, బండి వేగం ఆయనకు అందవు. ఆయనకు నచ్చేది నడవడం ఒక్కటే. మామ్మకు గుండెజబ్బు వచ్చాక రాత్రీ పగలూ ఒకటే బెంగ, తన తర్వాత వీడెలా అని. భూమంతా నాన్న పేర రాసేస్తే సరిపోతుందని ప్లీడరమ్మగారి దగ్గరికి బయలుదేరింది. ఇలాంటి బిడ్డ ఉంటే మా వైపు అందరూ చేసేది అదే. ఆస్తి పెద్దవాడికి, చిన్నవాడి బాధ్యత నోటి మాటకి. నాన్న, నేను తోడు వెళ్లాం.

"ఈడు నా కడుపున పుట్టినోడే. తమ్ముణ్ణి ఒగ్గేస్తాడేటి?" అంది మామ్మ.

"ఒగ్గడు మామ్మా. మరి ఈయన తరవాత?" అన్నారు ప్లీడరమ్మగారు.

"అప్పటికి నానెందుకుంటాను?"

"నువ్వుండవు. నీ కాయితం ఉంటాది. దానికి సెప్పి ఎల్లు."

మామ్మ నవ్వేసింది. "ఈ ప్లీడరమ్మ నన్నిప్పుడే సంపేసేలాగుంది" అంది.

అలా ట్రస్టు మాట వచ్చింది. కొంత భూమిని చిన్నాన్న కోసమే వేరుగా పెట్టడం, దాన్ని ఎవరూ అమ్మకుండా, దాని పంట ఆయన తిండికీ బట్టకూ మందులకే వాడేలా చూడడం. చూసే ధర్మకర్తలు నాన్న ఒకరు, మామ్మ పట్టుబట్టడంతో ప్లీడరమ్మగారు ఒకరు. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఆ చోట నేను. నేను వద్దని చెప్పడానికి కూడా సిగ్గుపడి ఊరుకున్నాను.

ఆవిడకొక పద్ధతి ఉండేది. కాగితం ఖాయం చేసే ముందు ఆ ఇంటికే వచ్చేవారు. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ల చేత దాన్ని పైకి చదివించేవారు. మా ఇంట్లో అది నేను. కాన్వెంటులో చదువుకున్న నా గొంతు పక్క బెంచీకి కూడా వినపడేది కాదు. అలాగే చదివాను. నేను తడబడిన ప్రతి చోటా ఆవిడ పెన్సిల్‌తో గీత పెట్టారు. క్షమించమన్నాను.

"నీ తప్పు కాదే గుంటా. నువ్వాగిన కాడ నా వాక్యం కుంటుతున్నాది" అన్నారు. నా తడబాటు ఎవరికైనా పనికొస్తుందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ రోజే ఆవిడ చిన్నాన్నకు కూడా కుర్చీ వేయించారు. "ఆడికేటి తెలుస్తాది?" అన్నాడు నాన్న. "ఆయన కోసం రాస్తన్నాం గదా, ఆయన్నడగొద్దా?" అని ఆయన వైపు తిరిగారు. "బాబూ, నీకేటి కావాల?"

చిన్నాన్న నేల చూస్తూ, "అన్నయ్య గేటుకి తాలం ఎయ్యొద్దు" అన్నాడు.

అంతకుముందు ఒకసారి చిన్నాన్న నడుచుకుంటూ హైవే మీదికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నాన్న పొలం వెళ్లేటప్పుడు తాళం వేసేవాడు. అది భయమే, కాఠిన్యం కాదు. నాన్న ముఖం ఎర్రబడింది. "నానేటి జైలు వార్డర్నా అమ్మగారూ?"

"కాదు బాబూ. నువ్వున్నన్నాళ్లూ ఈ మాట రాయనక్కర్లేదు. నీ తరవాతోళ్ల కోసం రాస్తన్నాను."

నాన్న తలవంచుకుని, "రాయండి" అన్నాడు. చిన్నాన్నను ఇంట్లో బంధించకూడదని, బయటికి వెళ్తే ఒకరు తోడుండాలని కాగితంలో చేరింది. మర్నాటి నుంచి తాళం పడలేదు.

మామ్మ ఆ మరుసటి ఏడు పోయింది. ప్లీడరమ్మగారు మాత్రం కోతలయ్యాక ఏటా వచ్చేవారు. నాన్న లెక్కలు తెస్తే పక్కన పెట్టమని, ముందు చిన్నాన్న చేతులు పట్టుకుని గోళ్లు చూసేవారు, చెప్పులు తిప్పి అడుగులు చూసేవారు. "లెక్కలు అబద్ధమాడతాయి, గోళ్లాడవు" అనేవారు. చెప్పుల అడుగులు అరిగి ఉంటే ఆవిడ ముఖం విప్పారేది.

ప్లీడరమ్మగారి కడసారి చూపుకి చిన్నాన్నను కూడా తీసుకెళ్లాం. ఆయన దగ్గరగా వెళ్లి, "అమ్మగారు లెగరేటి?" అన్నాడు. నాన్న తల తిప్పుకున్నాడు. "లేవరు చిన్నాన్నా" అని నేనే చెప్పాను.

తిరిగొచ్చి ఊరి మొగలో ఆటో దిగాం. సన్నగా వాన. చిన్నాన్న ఇంటి వైపు తిరగకుండా పొలాల దారి పట్టాడు. పిలవబోయిన నాన్న ఆగి, నా వైపు చూశాడు. "ఇప్పుడు ఆవిడ సోట్లో నువ్వు. ఆపమంటావేటి?"

నాకు భయమేసింది. తడిసిన గట్లు, నీళ్లు నిండిన కాలువ. "వెళ్లనీ నాన్నా" అన్నాను. "మనం వెనకాల వెళ్దాం."

దూరంగా నడిచాం. నాట్లు వేస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ నడుమెత్తి, "ఏటి బాబూ, వానలో ఒచ్చీసినావు? ఇదిగో, పట్టుకో" అని ఒక నారు కట్ట అందించింది. చిన్నాన్న దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. నాటలేదు, కింద పెట్టలేదు. నారు వేళ్ల నుంచి బురద నీళ్లు చొక్కా మీదికి కారుతుంటే, గట్టు మీద ఆ పచ్చటి కట్టను పొదువుకుని అలాగే నిలబడ్డాడు.