బోర్డు మీద మరియ పేరు

సార్ చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కొట్టే ముందు ఆయన అలాగే చేసేవారు. నేను తిరువూరు బళ్లో ఐదో తరగతి లీడర్ని. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం నా పని. అల్లరి అణచే గట్టి సార్ కావాలని మేమే కోరుకున్నాం. ఆటల పీరియడులో మాత్రం, అందరికంటే చిన్నదైన మరియ కబడ్డీలో పెద్దపిల్లల్ని తప్పించుకుని వస్తుంటే గొంతు పోయేలా అరిచేవాళ్లం.

ఆ రోజు మరియ పక్కపిల్లకు పెన్సిలు ఇవ్వడం చూసి, మాట్లాడుతోందనుకుని తొందరపడి మరియ పేరు రాశాను.

"నేను మాట్లాడలేదు సార్. కావాలంటే లీడర్నడగండి," అంది.

సార్ నావైపు తిరిగారు. "ఏమ్మా?"

"మాట్లాడింది సార్," అన్నాను. చెరిపేస్తే నన్ను లీడరు పని నుంచి తీసేస్తారనుకున్నాను.

దెబ్బలు పడుతున్నా మరియ ఏడవలేదు. మర్నాటి నుంచి వాళ్లమ్మతో పత్తి తీతకు వెళ్లింది. మళ్లీ బడికి రాలేదు.

నిన్న మా పాప లీడర్ బ్యాడ్జీతో ఇంటికొచ్చింది. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున జడ వేస్తూ చెప్పాను.

"పొరపాటున ఎవరి పేరైనా రాస్తే, సార్ చూస్తున్నా సరే చెరిపెయ్యమ్మా. తిడితే తిట్టనీ. నేనొచ్చి మాట్లాడతాను."