ముక్కు ఉన్న సూర్యుడు

మధ్యాహ్నం ఒంటిగంటకు మా వీధిలో షట్టర్లు ఒకటొకటిగా దిగుతాయి. మళ్లీ నాలుగింటి దాకా పుదుచ్చేరి నిద్రపోతుంది. ఆ వేళ మా మందుల షాపు షట్టర్ సగం దించి, ఎరుపూ నీలమూ రెండు మొనలున్న పెన్సిలు చెక్కుకోవడం నాకు అలవాటు. నిన్న అలా చెక్కుతుంటే ఆ పొట్టు వాసన ముక్కుకు తగిలి, బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. అది వి. వెంకటాద్రిగారి వాసన. ఈ షాపు ఆయనది. ముప్పై ఏళ్లకు పైగా ఈ కౌంటర్ వెనక నిలబడ్డారు. చివరికి చూపు మందగించి ఒకరికి మందు తప్పుగా ఇచ్చారనీ, అందుకే షాపు నాకు వదిలేశారనీ మా ఉప్పళం పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. పదిహేనేళ్లుగా ఆ అబద్ధం నీడన బతికినవాణ్ణి నేనే కాబట్టి, సరిదిద్దవలసిందీ నేనే.

మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం కానీ చదవడం చాలామందికి రాదు. షాపుకు వచ్చేవాళ్లలో తమిళం చదవలేనివాళ్లూ ఉండేవారు. అందుకని ఆయన మాత్రల కవరు మీద బొమ్మలు వేసేవారు. పొద్దున మాత్రకు ఎర్ర సూర్యుడు, రాత్రి మాత్రకు నీలం చంద్రవంక. సూర్యుడికి తప్పకుండా ఒక ముక్కు పెట్టేవారు. ఆయన దగ్గర పనికి చేరిన కొత్తలో అడిగాను.

"ముక్కెందుకు మామా?"

"ముక్కుంటే మనిషి మాదిరి ఉంటాడు కదరా. మనిషి చెప్తే వింటారు."

బొమ్మ వేసే ముందు ఎవరినైనా ఒకే మాట అడిగేవారు: "నువ్వు నిదరపొయ్యేది ఎప్పుడు?" వాచ్‌మన్‌కు ఒక జవాబు, చేపలు పట్టేవాడికి ఇంకో జవాబు. "గడియారంలో రాత్రి వేరే, మనిషి రాత్రి వేరే" అనేవారు నాతో. అప్పట్లో అది ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను.

నాకప్పుడు ముప్పై ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగానికి పరీక్ష రాయాలనుకున్నాను. చదువుకు వేళ దొరకలేదు. రాత్రి మూడు గంటలు పడుకుని, పగలు మూడుసార్లు ఇరవయ్యేసి నిమిషాలు కునుకు తీస్తే చాలునని, కొన్ని వారాల్లో ఒళ్లు దానికి అలవాటు పడుతుందని ఎవరో ఇంటర్నెట్‌లో రాశారు. పట్టిక గీసి గోడకు అంటించాను. మొదటి వారం పళ్లు తోముకునే బ్రష్ మీద షేవింగ్ క్రీమ్ పిండుకున్నాను. మిట్ట మధ్యాహ్నం చలివేసేది. వేళకాని వేళ ఆకలి, అన్నం ముందు కూర్చుంటే వికారం. మా ఆవిడ చెప్పినదానికల్లా ఊకొట్టేవాణ్ణి. ఏం చెప్పిందో ఒక్క ముక్కా గుర్తుండేది కాదు. కానీ రోజుకు నాలుగు గంటలు అదనంగా సంపాదించానన్న గర్వం ముందు అవన్నీ చిన్నవిగా కనిపించాయి.

"ఏంది సీనా, కండ్లు చచ్చిన చేప కండ్ల మాదిరి ఉండాయి?" అన్నారు మామ ఒకరోజు. విషయం చెప్పాను.

"ఊరంతా మధ్యాహ్నం మూడు గంటలు వేస్ట్ చేస్తా ఉంది మామా. నాకు ఇరవై నిమిషాలు చాలు."

"సరి. ఒళ్లు ఒప్పుకునిందా? అడిగినావా?"

"అదే ఒప్పుకుంటాది."

"పెండ్లానికి కూడా ఇట్లే చెప్పి చేసుకున్నావా?" అని పకపకా నవ్వారు. నవ్వి ఊరుకోలేదు. సాయంత్రం రద్దీ వేళలో నన్ను వెనక గదిలోకి పంపి, అట్టపెట్టెల మీద నేను కునుకు తీస్తుంటే కౌంటర్ ఒక్కరే చూసుకునేవారు. ఇరవై నిమిషాలు కాగానే రేకు డబ్బా మీద పెన్సిలుతో కొట్టేవారు. "లెయ్యి రాజా, నీ రాత్రి అయిపోయింది."

అలా లేచిన ఒక సాయంత్రమే అది జరిగింది. మామ లోపల ముఖం కడుక్కుంటున్నారు. సముద్రం ఒడ్డున జాలర్లుండే వైతికుప్పం నుంచి అంజలై వచ్చింది. ఆమె భర్త సెల్వానికి చేతి నరం నొప్పి. డాక్టరు రాసింది మత్తు తెచ్చే మాత్ర, పడుకునే ముందు వేసుకోవలసింది. బయట వీధి ఎర్రగా ఉంది. అది పొద్దు పొడుస్తున్న ఎరుపో, కుంకుతున్న ఎరుపో నాకు అంతుబట్టలేదు. తెల్లవారుతోందనే అనుకున్నాను. పెన్సిలు ఎర్ర మొన కిందికి ఉంది. సూర్యుణ్ణి గీసి ఇచ్చేశాను. ఎప్పుడు పడుకుంటాడని అడగలేదు.

సెల్వం ఆ మాత్ర తెల్లవారుజామున వేసుకుని సముద్రం మీదికి వెళ్లాడు. పడవలో తూలి నీళ్లలో పడ్డాడు. తోటివాళ్లు లాగి బతికించారు కానీ, పడేటప్పుడు పడవ అంచు తగిలి కుడి భుజం విరిగింది. ఆ చెయ్యి మళ్లీ వల లాగలేదు.

రెండు రోజులకు అంజలై ఆ కవరు తెచ్చి కౌంటర్ అద్దం మీద పెట్టింది. షాపులో జనం ఉన్నారు.

"ఎవరు వేసినారయ్యా ఇది?"

మామ కవరు తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. ఆయన చూపు పోయిందన్న మాట పుట్టింది ఆ క్షణంలోనే.

"నేనేనమ్మా. కండ్లు సరిగ్గా కనపడలా."

పరీక్ష మూడు వారాల్లో ఉంది. తప్పు నాదని తేలితే నా లైసెన్సే పోవచ్చు. నేను తల వంచుకుని మాత్రల అట్టలు సర్దుతూ ఉండిపోయాను. షాపు మూశాక ఆయన ఒక్క మాటే అన్నారు: "పొయ్యి నిదరపో సీనా. తెల్లారేదాకా నిదరపో." గోడ మీది పట్టిక చింపేశాను. ఆ రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయాను. హాయిగా పట్టింది. నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇదే.

తర్వాత జనం "పెద్దాయన వద్దు, చిన్నాయన్ని ఇయ్యమను" అనడం మొదలుపెట్టారు. మామ స్టూలు వెనక్కి జరుపుకున్నారు. కొన్నాళ్లకు తాళాలు నా చేతిలో పెట్టారు. పరీక్ష నేను ఎలాగూ తప్పాను. కనిపించినప్పుడల్లా "నిదర పడతా ఉందా?" అని అడిగి, నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగేవారు. "పడతా ఉంది మామా" అనేవాణ్ణి. ఆయన తలాడించి వెళ్లిపోయేవారు.

ఆయన పోయిన ఏడాది చనిపోయారు. నెల తిరిగాక వైతికుప్పం వెళ్లాను. అంజలై గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు. తమిళంలో అంది:

"తెలుసు తంబీ."

"ఎట్లా?"

"ఆ సూర్యుడికి ముక్కు లేదే."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"అందామనే చూసినా. ఆ సాయంత్రమే పెద్దాయన మా ఇంటికి వచ్చినాడు. 'వాడే వచ్చి చెప్తాడమ్మా, అందాకా నువ్వు అడగొద్దు' అన్నాడు. అప్పట్నించీ నెలకోసారి మా ఆయన్ని చూడను వస్తానే ఉండె. వచ్చిన ప్రతిసారీ వాకిట్లోనే అడిగేవాడు, 'సీనా వచ్చినాడా?' అని."

ఇప్పుడు కవరు మీద బొమ్మ వేసే ముందు నేనూ అడుగుతాను, నువ్వు నిద్రపోయేది ఎప్పుడని. చెప్పింది విన్నాకే పెన్సిలు తిప్పుతాను. సూర్యుడికి ముక్కు మాత్రం పెట్టను. రేపెవరైనా ఒక కవరు తెచ్చి ఎవరు వేశారని అడిగితే, అది నేను వేసిందేనని చూడగానే తెలియాలి.