కుక్కకు కఫీలు

నేను దోహాలో గుమాస్తాగా చేరిన తొంభైల తొలి ఏళ్ళలో మాలో ఎవరి పేరు మీదా ఏదీ ఉండేది కాదు. ఫ్లాటు కంపెనీ పేరు మీద, ఫోను పక్కగది మలయాళీ పేరు మీద, మనుషులం కఫీలు పేరు మీద. (కఫీలంటే మన వీసాకు పూచీపడ్డ యజమాని. ఆయన ‘రిలీజ్’ ఇస్తే తప్ప ఇంకోచోట కొలువుకు కుదరలేం.) అందుకని ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా గదిలో సొంత ఆస్తి గలవాడు ఒకడు తయారవుతాడని ఎవరం కలగనలేదు. ఆ భాగ్యం కడప మామకు పట్టింది. ఆస్తి పేరు ప్రిన్స్.

కడప మామ మా మేనేజరు గారింటి డ్రైవరు. మేనేజరు గారు గుంటూరు వైపు మనిషే గాని, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో విల్లా తీసుకున్నాక ప్రిన్స్‌తో ఇంగ్లీషులోనూ మామతో వేలితోనూ మాట్లాడేవారు. ప్రిన్స్ మేలుజాతి కుక్క. గేటు తీసి ఉంటే వీధంతా తన జాగీరే అనుకునేది. పాలవాణ్ణి, చెత్తబండి వాణ్ణి, ఒకసారి నన్నూ కరిచింది. అవన్నీ చిల్లర పిక్కలు కనుక చట్టం దాకా పోలేదు. ఒక శుక్రవారం మాత్రం మసీదు నుంచి వస్తున్న పక్క విల్లా ఖతరీ పెద్దాయన పిక్క పట్టుకుంది. ఆయన కట్టు కట్టించుకుని నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళారు.

కుక్కను తీసుకుని యజమాని రావాలని కబురొచ్చింది. మేనేజరు గారు మామను పిలిచారు. “దాన్ని తిప్పేది నువ్వు, కడిగేది నువ్వు. యజమానివి నువ్వేనని చెప్పెయ్. జరిమానా కంపెనీ చూసుకుంటుంది.” నన్ను దుబాసీగా పంపారు. (నాకొచ్చిన అరబ్బీ అంతా కూరగాయల బేరానికి సరిపోయేది.)

దారిలో మామ అడిగాడు. “ఏం అల్లుడా, నాకే ఒక కఫీలుండాడు. నేను కుక్కకు కఫీలెట్లయితా?”

“సరే సార్ అనేస్తే పోయేదేముంది మామా,” అన్నాను. మామ సెలవు కాగితం ఏడాదిగా మేనేజరు గారి సొరుగులో సంతకం కోసం పడి ఉంది. ఊళ్ళో పుట్టిన కూతురు ఫొటోల్లోనే పాకి, ఫొటోల్లోనే నిలబడింది. అడిగినప్పుడల్లా “చూద్దాంలే” అన్నదే జవాబు.

స్టేషన్లో ఆఫీసరు నా అరబ్బీ కాసేపు ఓపిగ్గా విని, హిందీలోకి దిగాడు. జరిమానా వేశాడు. కుక్కను యజమాని ఇంట్లోనే కట్టేయాలి, మూతికి తొడుగు వేయాలి, మళ్ళీ కరిస్తే యజమాని లోపలికి పోతాడు. మామ తలూపి సంతకం పెట్టాడు. తర్వాత కారును ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు కాకుండా మా గదికి తిప్పాడు.

వంటింటి తలుపుకు కట్టేసి చారన్నం పెడితే ప్రిన్స్ గిన్నె నాకింది. మా గదిలోని కరీంనగర్ తమ్ముడు మంచం మీంచే, “దీనికి వీసా కొట్టిచ్చినవా మామా? నీ కింద ఇగ ఎంతమందిని తెప్పిస్తవ్?” అన్నాడు.

సాయంత్రానికి మేనేజరు గారే వచ్చారు.

“కుక్కేదిరా? అమ్మగారు అన్నం ముట్టలేదు.”

“ఈడనే ఉండాది సార్. యజమాని ఇంట్లోనే కట్టేయమన్నారు పోలీసాయన. మీ ఇంట్లో ఉండి మళ్ళా ఎవర్నన్నా పట్టుకుంటే లోపలికి పోయేది నేను గదా.”

“యజమానిని నేనురా.”

“ఆ మాట ఆడ చెప్పండి సార్.”

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

“సరే, నా పేరు మీదికి మార్పించుకుంటాను. వచ్చి సంతకం పెట్టు.”

“పెడతా సార్. అయితే కఫీలు రిలీజ్ ఇయ్యాల గదా. ఇచ్చే ముందర చానా ఆలోచన చేస్తాడు. ఏడాది పడుతుంది ఒక్కోసారి. మీకు తెలీందేముంది.”

మేనేజరు గారు కుక్క లేకుండానే మెట్లు దిగారు. మర్నాడు పొద్దున్నే సెలవు కాగితం మీద సంతకం పడింది. అది జేబులో పెట్టుకున్నాకే మామ మేనేజరు గారిని, నన్ను ఎక్కించుకుని స్టేషనుకు బయల్దేరాడు. సంగతి విన్న ఆఫీసరు నవ్వాపుకుని, మామ కేసి తిరిగి, “కఫీల్, ఒప్పుకుంటావా?” అని హిందీలో అడిగాడు. జన్మలో మొదటిసారి ఆ పిలుపు విన్న మామ చొక్కా పైగుండీ పెట్టుకుని, మేనేజరు గారిని కిందినుంచి మీదికి ఒకసారి చూసి, “ఒప్పుకుంటాండా,” అన్నాడు. జరిమానా, హెచ్చరిక, జైలు మాట అన్నీ సొంతదారుకు చేరాయి. ఆ తర్వాత మేనేజరు గారే రోజూ గొలుసు పట్టుకుని ప్రిన్స్‌ను తిప్పేవారు. పక్క విల్లా పెద్దాయన ఆ వేళకు తప్పకుండా గేటు దగ్గర కుర్చీ వేయించుకునేవారు.

మామను విమానం ఎక్కించి వచ్చిన ఊపులో నేనూ సెలవు అడుగుదామని మేనేజరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన తలెత్తి, “ఏమిటి?” అన్నారు. “ప్రిన్స్ కులాసాయేనా సార్,” అని అడిగి బయటికొచ్చాను. ఆనాటి నా డైరీలో మాత్రం “సెలవు విషయమై మేనేజరు గారితో ముఖాముఖి చర్చించితిని” అని పొందిగ్గా రాసి ఉంది. కింద గీత కూడా కొట్టుకున్నాడు, పాపం, ఆ కుర్రాడు.