పెద్దాయన ఆగిన చోట

నేను 2004 మార్చి ఆఖరున ఉద్యోగం మానేశాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా గోడౌన్లో పనిచేస్తున్నాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు అదే షాపు ముందుగదిలో, కిటికీ పక్కన, టైపు మిషను దగ్గర కూర్చున్నాను. ముందుగదికీ గోడౌనుకీ మధ్య ఉన్నది ఒక చెక్క తలుపు. ఆ తలుపు అవతలికి నన్ను పంపించినవి ఇంగ్లీషు కామాలు. ఈ మాట చెబితే వినేవాళ్లు నవ్వుతారు. అందుకని, కళ్లు ఆనక మారానని చెబుతూ వచ్చాను.

మాది గవర్నర్‌పేటలో ఆయిల్ ఇంజన్ల విడిభాగాలు అమ్మే హోల్‌సేల్ షాపు. డెల్టాలో ఏ ఊళ్లో ఇంజను మొరాయించినా పిస్టన్ రింగు కోసమో వాల్వు కోసమో మా దగ్గరికి వచ్చేవారు. సరుకు కోయంబత్తూరు నుంచి, రాజ్‌కోట్ నుంచి దిగేది. వాళ్లకి తెలుగు రాదు, మాకు వాళ్ల భాషలు రావు. అందుకని ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో నడిచేవి. అవి కొట్టడానికి నన్ను 1974లో పెట్టుకున్నారు. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. భర్త పోయి ఏడాదైంది. మైలవరంలో అమ్మ దగ్గర ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని.

నేను చదివింది తెలుగు మీడియంలో ఎస్సెల్సీ. టైపు లోయరూ హయ్యరూ ప్యాసయ్యాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అచ్చులో ఉన్నది చూసి కొట్టడమే. కామా ఉన్న చోట కామా మీద వేలు పడేది. అది అక్కడ ఎందుకుందని మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

షాపు యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. కుర్రతనంలో మద్రాసులో గుమాస్తాగా చేసి అక్కడ ఇంగ్లీషు పట్టుకున్నారు. పొద్దున కౌంటరు దగ్గర రద్దీ తగ్గాక, కుర్చీ నా బల్ల పక్కకి లాగించుకుని ఉత్తరాలు చెప్పేవారు. ఆయన చెబుతుంటే నేను నేరుగా మిషను మీద కొట్టేదాన్ని. వాక్యం అయిపోగానే "ఫుల్‌స్టాప్" అని గట్టిగా అనేవారు. కామా అని మాత్రం ఎన్నడూ అనలేదు. మధ్యమధ్యలో ఆగేవారు, అంతే. ఆయన ఆగిన చోట నేను కామా కొట్టేదాన్ని. అది నా పనిలో భాగమనే అనుకున్నాను.

ఉత్తరం అడుగున ఎడమవైపు ఆయన పొడి అక్షరాలు, ఒక గీత, ఆ పక్కన నా పొడి అక్షరాలు రెండు వేసేదాన్ని. కొట్టింది ఎవరో తెలియడానికి ఆ రోజుల్లో అది పద్ధతి. ఇంటి పన్ను అమ్మ పేరున ఉండేది. రేషను కార్డు తమ్ముడి పేరున ఉండేది. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని కాగితం మీద చెప్పేవి ఆ రెండు అక్షరాలే. నేను చూడని ఊళ్లకి అవి రోజూ వెళ్లేవి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈపాటికి ఆ ఉత్తరం ఏ స్టేషను దాటి ఉంటుందా అని ఆలోచించుకునేదాన్ని.

1995 ఆగస్టులో పెద్దాయన పోయారు. అల్లుడుగారు షాపులోకి వచ్చారు. మద్రాసులో చదువుకున్న మనిషి, ముప్పై దాటి ఉండవు. ఆయన ఎక్కువ పనులు ఫోన్లోనే చక్కబెట్టేవారు. పెద్దాయనకి నేను "అమ్మాయ్"ని. అల్లుడుగారికి మేడమ్‌ని.

మరుసటి ఏడు జనవరిలో డీలర్ల మీటింగని అల్లుడుగారు కోయంబత్తూరు వెళ్లారు. తిరిగొచ్చిన రోజు ఫైల్లోంచి ఒక పాత ఉత్తరం నకలు తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఇక్కడ కామా ఎందుకు మేడమ్?"

వియ్ హావ్ నాట్, రిసీవ్డ్ ది, వాల్వ్స్ అని ఉంది అక్కడ.

"పెద్దాయన అక్కడ ఆగారండీ" అన్నాను.

"ఎందుకాగారు?"

తలుపు దగ్గర నిలబడ్డ గోడౌను గుమాస్తా అందుకున్నాడు. "ఎందుకేంటండీ, ముక్కుపొడుం కోసం! కుడి ముక్కుకొకటి, ఎడం ముక్కుకొకటి. రెండు కామాలూ సరిపోయాయిగా!"

కౌంటరు దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. అల్లుడుగారు నవ్వలేదు.

"మీటింగులో వాళ్ల మేనేజరు ఈ ఉత్తరం మైకులో చదివాడు మేడమ్. కామా ఉన్న చోటల్లా ఆగి మరీ చదివాడు. మీ మావగారి ఉత్తరాల్లో తుమ్ములు కూడా వినపడతాయండీ అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి?"

ఆ సాయంత్రం బస్సు వదిలేసి పాత ఫైళ్లు దించాను. గుమాస్తా చెప్పింది నిజం. ఇరవై ఏళ్ల ఉత్తరాల్లో పెద్దాయన ఒళ్లంతా ఉంది. 1983లో ఆయన పళ్లు పీకించుకున్నారు, ఆ నెల ఉత్తరాల్లో మూడు మాటలకొక కామా ఉంది. 1988 చలికాలంలో దగ్గు పట్టుకుంది, అప్పుడు మాటకొకటి ఉంది. డాక్టరు పొడుం మాన్పించిన ఒక్క నెల మాత్రం ఉత్తరాలు చక్కగా ఉన్నాయి. నా లెక్కల్లో ఏనాడూ తప్పు పట్టలేదెవరూ. తేదీ తప్పు వేస్తే కాగితం చింపి మళ్లీ మొదటి నుంచి కొట్టే మనిషిని. అలాంటి నేను, ఇన్నేళ్లుగా, ఏం చేస్తున్నానో తెలియకుండా చేశాను.

వారం తర్వాత అల్లుడుగారు పిలిచారు. "ఏప్రిల్‌లో ఏజెన్సీ రెన్యువల్‌కి కోయంబత్తూరు ఉత్తరం రాయాలి మేడమ్. పాయింట్లు నేనిస్తాను. ఉత్తరం మీరే రాయండి. బాగుంటే ఈ సీటు మీదే. లేదంటే లోపల స్టాకు రాసేవాళ్లు లేక అవస్థ పడుతున్నాం, అక్కడ చూద్దురుగాని. మీ లెక్కలకి తిరుగులేదని మావయ్యగారు అంటుండేవారు."

షాపు వెనక సందులో ఒక టీచరుగారు ఉండేవారు. ముస్లింలు. ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్ల మేనల్లుడు మా దగ్గర బేరింగులు కొనేవాడు. అతనే నన్ను వెంటబెట్టుకుని మేడ మీద వాటాకి తీసుకెళ్లాడు.

"యాభైలో కామాలేంటమ్మా? మోకాళ్లకి కాపడం పెట్టుకోవాల్సిన వయసు!" అన్నారావిడ. విషయమంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. కొంగు తల మీదికి సర్దుకుని, "సరే, కూర్చో. ఫీజు గీజు అన్నావంటే మెట్లు దింపేస్తా" అన్నారు.

షాపు కట్టేశాక రోజూ వెళ్లేదాన్ని. ఆవిడ పేపర్లోంచి ఒక ఇంగ్లీషు వాక్యం చదివేవారు. నేను కామాలు లేకుండా రాసుకుని, తర్వాత పెట్టి చూపించేదాన్ని. మొదటి వారం రెండు మూడు తప్పాయి. ఫిబ్రవరి సగానికి ఒక్కటీ తప్పలేదు. నాకు ఒళ్లు తేలిపోయింది. బస్సులో టికెట్ల వెనక వాక్యాలు రాసుకుని చూసుకునేదాన్ని. టీచరుగారు కూడా సంబరపడ్డారు. "మా పదో క్లాసు పిల్లలకి నిన్ను చూపించాల్సింది" అన్నారు.

ఒకరోజు ఆవిడ చదువుతూ చదువుతూ ఆపి నా ముఖంలోకి చూశారు.

"నువ్వు కాగితం చూడట్లేదమ్మా. నా నోరు చూస్తున్నావు."

ఆవిడ లేచి కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు. నాకు వీపు పెట్టి, ఎక్కడా ఆగకుండా, ఒక్క బిగువున వాక్యం చదివేశారు. "ఇప్పుడు పెట్టు" అన్నారు.

నా ముందు మాటలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి మాటకీ అర్థం తెలుసు. పెన్సిలు ఎక్కడ ఆనించాలో తెలియలేదు. ఆవిడ అలాగే గోడకేసి చూస్తూ కూర్చున్నారు. కింద రిక్షావాళ్లు ఏదో గొడవ పడుతున్నారు. ఎంతసేపు కూర్చున్నా ఒక్క కామా పెట్టలేకపోయాను. పెద్దాయన పోయి ఆరు నెలలైంది, ఆయన బదులు ఇంకో మనిషిని వెతుక్కున్నాను తప్ప నేర్చుకున్నది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి ఆవిడ చదవడం మానేశారు. సూత్రాలు చెప్పారు. ఎక్కడ వాక్యంలో వాక్యం దూరుతుంది, ఎక్కడ పేరు పక్కన వివరం వస్తుంది, ఏది తీసేసినా మిగతాది నిలబడుతుంది, అన్నీ చెప్పారు. కంఠస్థం చేశాను. అప్పజెప్పమంటే తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. కానీ వాక్యం ముందు పెడితే, ఒక్కో మాట దగ్గర ఆగి, సూత్రాలన్నీ ఒకటొకటిగా తిరగేసుకుంటే గాని చెయ్యి కదిలేది కాదు.

"లక్షల్లో ఎంత పెద్ద అంకె ఇచ్చినా కళ్లు మూసుకుని పెడతానండీ కామాలు" అన్నాను ఒకసారి, ఏడుపు ఆపుకుంటూ. "చివర మూడు వదిలి, తర్వాత రెండేసి. ఎవరు చదివినా అక్కడే ఉంటుంది. ఇది ఎందుకిలా లేదు?"

"అంకెలు ఎవరితోనూ మాట్లాడవు కదమ్మా" అన్నారావిడ.

ఏప్రిల్‌లో పాయింట్ల కాగితం చేతికొచ్చింది. రాశాక ఒకసారి ఉత్తరం చూడమని ముందురోజు సాయంత్రమే టీచరుగారిని అడిగాను. చూడనన్నారు. "నేను చూస్తే అది నా ఉత్తరం అవుతుంది. ఆ తర్వాతి రోజు ఏం చేస్తావు?" అన్నారు. ఆవిడ చెప్పింది న్యాయమే.

షాపు తెరవగానే మొదలుపెట్టాను. ఒక వాక్యం రాయడం, మాటమాట దగ్గరా ఆగడం, సూత్రాలు తిరగేయడం, పెట్టడం, తీయడం. పెద్దాయన గొంతు గుర్తు చేసుకుందామని కూడా చూశాను. ఆయన తుమ్మే గుర్తొచ్చింది. మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు. ఫెయిర్ కాపీ కొట్టి ఇచ్చేసరికి నాలుగు దాటింది. ఉత్తరం మొత్తం ఒక పేజీ.

అల్లుడుగారు రెండుసార్లు చదివారు. "బాగుంది మేడమ్. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారు.

బల్ల అంచు పట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో నా అంతట నేను రాసిన మొదటి ఉత్తరం అది.

"పాయింట్లు పొద్దున తెరవగానే ఇచ్చాను మీకు. ఇప్పుడు నాలుగు. మిగతా ఉత్తరాలన్నీ అలాగే ఉండిపోయాయి."

"బాగుంటే సీటు నాదే అన్నారు కదండీ."

"అన్నాను మేడమ్. రోజుకి ఒక్క ఉత్తరం పంపే షాపైతే మీదే." గొంతులో కోపం లేదు. తర్వాత ఆయన వేలు కాగితం అడుగుకి వెళ్లింది. "ఇవేంటి, ఈ అక్షరాలు?"

చెప్పాను. ఎప్పటిలాగే పెద్దాయనవి ముందు, గీత, తర్వాత నావి పడ్డాయి.

"ఇప్పుడెవరూ వెయ్యట్లేదండీ ఇవి. అవి తీసేసి ఇంకో కాపీ కొట్టి పోస్టులో వేయించండి."

కూర్చుని మళ్లీ కొట్టాను. చూసి కొట్టడమే కాబట్టి పది నిమిషాలు పట్టలేదు. ఆ ఉత్తరం కోయంబత్తూరు వెళ్లింది. ఎవరు రాశారో దాని మీద ఎక్కడా లేదు.

"సరిగ్గానే పెట్టావా?" అని అడిగారు టీచరుగారు, ఆ సాయంత్రం.

"పెట్టానండీ."

"మరి?"

"ఆలస్యమైందండీ."

ఆవిడ లేచి టీ కలిపి ఇచ్చారు. ఆ తర్వాత నేను వెళ్లడం తగ్గిపోయింది. 1999లో ఆవిడ బందరులో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. 2001లో మేనల్లుడు బేరింగుల కోసం వచ్చి, మేనత్త పోయి మూడు నెలలైందని చెప్పాడు. ఇప్పుడు ఇంట్లో పొద్దుపోక ఇంగ్లీషు పేపరు చదువుతాను. సూత్రాలన్నీ ఇంకా గుర్తున్నాయి. తీరికగా చూస్తే తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఇంగ్లీషులో నేను ఉత్తరం రాయవలసిన మనిషి మాత్రం ఎక్కడా లేరు.

గోడౌన్లో మొదటిరోజు గుమాస్తా అట్టపెట్టెల మధ్య నాకొక స్టూలు వేసి, దుమ్ము తుడిచాడు. "రాసుకోండి అక్కయ్యగారూ. ఇక్కడ కామాల గోల లేదు, అన్నీ అంకెలే" అని నవ్వాడు. ర్యాకుల దగ్గర నిలబడి సరుకు లెక్క చదవడం మొదలుపెట్టాడు. నేను రాసుకుంటూ పోయాను. చాలా రోజుల తర్వాత చెయ్యి తేలిగ్గా ఆడింది.

"వాషర్లు పన్నెండు..." అన్నాడు. అట్టపెట్టెల దుమ్ముకి దగ్గు వచ్చింది. దగ్గి, "...వందల నలభై" అన్నాడు.

సాయంత్రం మొత్తం కూడితే తేడా వచ్చింది. నా కూడికలో తేడా రావడం అదే మొదలు. ఇద్దరం కాగితం ముందేసుకుని వెతికాం. ముందు అతనికే కనపడింది.

"ఇదేంటి అక్కయ్యగారూ? పన్నెండు, కామా, నలభయ్యా?"

నేను చూశాను. నా చేతిరాతే. పన్నెండుకీ నలభైకీ మధ్య, అతను దగ్గిన చోట, స్పష్టంగా కామా పెట్టి ఉంది.

ముక్కుపొడుం గురించి షాపులో అందరినీ నవ్వించిన మనిషి అతను. ఈసారి నవ్వలేదు. రబ్బరు తీసి నా ముందు పెట్టి, లైట్లు ఆర్పే పని ఉన్నట్టు అవతలికి వెళ్లాడు. ఆ మర్నాటి నుంచి, నేనక్కడ ఉన్నన్నాళ్లూ, దగ్గు వస్తే కొంగలా మెడ బిగించి ఆపుకుని, అంకె పూర్తిగా చెప్పాకే దగ్గేవాడు. నేను తల వంచుకుని రాసుకునేదాన్ని.