చేతికి దిష్టి తీసేటాయన

మా ఆయన పోయిండు. సిరిసిల్లల బట్ట నేసే సాంచ నడుపుకుంటనే కూలవడ్డడు. తోటి పనోళ్లు దవాఖానకు తీస్కపోయేసరికే పానం లేదన్నరు. పొద్దుగాల నేను కట్టిచ్చిన టిఫిన్ డబ్బ సగం అన్నంతోని ఇంటికచ్చింది. ఆ డబ్బ కడుగుతుంటే నాకు ఏడుపు ఆగలే.

ఆయన గురించి మీకు ఒక్క సంగతే చెప్త. అది చెప్తే మనిషి మొత్తం తెలుస్తడు.

నేను వంటలు చేసేదాన్ని. కోరుట్లల మా అక్క కేటరింగ్ నడిపిస్తది. బయటి దేశాలల్ల ఉన్న మనోళ్లు పెండ్లిళ్లకు, బతుకమ్మకు మమ్ముల పిలిపించుకుంటరు. మస్కట్ పోయిన, మలేషియా పోయిన. సకినాలు చుట్టుడు, సర్వపిండి పెట్టుడు, మటన్ వండుడు అయిపోయినంక, తిరుగు ప్రయాణం దాంక ఆడీడ తిరిగి ఆ దేశపోళ్లు ఏం తింటరో తిని సూసేటోళ్లం.

ఇంటికచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి కారు ముందుగాల నన్ను సిరిసిల్లల దించి కోరుట్లకు పోయేది. గడప కాడికి రాంగనే లోపట్నుంచి ఆయన గొంతు ఇనచ్చేది. సాంచల చప్పుడుల బతికిన మనిషి, మెల్లగ మాట్లాడుడు రాదు.

"గాడనే ఆగు వంట మాస్టరమ్మా. చెయ్యి సాపు."

ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట్ల పట్టుకొని నా కుడి చేతి సుట్టు తిప్పేటోడు. మొకానికి కాదు, ఒక్క చేతికే.

"అందరు మొకానికి తీస్తరు, గిదేందయ్యా?" అని అడిగిన ఓసారి.

"నీ మొకం ఎవ్వడు సూసిండే? వాళ్లు తిన్నది నీ చేతి వంట. కన్ను చేతికే తాకుతది."

ఎదురింటి ఖాలా నవ్వేది. "మొగోళ్లు దిష్టి తీసుడు ఏడన్న ఉందా భాయ్?" అనేది. "మా ఇంట్ల ఇంకో ఆడమనిషి లేదు ఖాలా, నేనే తియ్యాలె" అనేటోడు సిగ్గు లేకుంట. నిప్పులల్ల మిరపకాయలు ఏసి, తుమ్మి తుమ్మి కండ్లు తుడుసుకుంటనే, "సూసినవా, ఘాటే రాలె. ఎంత దిష్టి తాకిందో" అనేటోడు. నాకు నవ్వాగకపోయేది.

అటెన్క పీటేసి కూసోవెట్టి, వేడన్నంల పచ్చిపులుసు పోసేటోడు. అన్నం గాక ఆయనకచ్చిన వంట గదొక్కటే, దానికి పొయ్యి ముట్టియ్యక్కర్లేదు గదా. ఉల్లిగడ్డలు ఇంత లావు కోసేటోడు. ఎన్ని దేశాల తిండి తిన్నా, గా పులుసు నోట్ల పడితేనే ఇంటికచ్చినట్టు ఉండేది.

మాపటికి నేను అక్కడ నేర్సుకున్నది వండిపెట్టేదాన్ని. మస్కట్ల మాంసం ఆకులల్ల సుట్టి భూమిల గుంత తీసి ఉడికిస్తరని చెప్తే, "బొందవెట్టినంక మల్ల తీసి తినుడేందే?" అన్నడు. మలేషియా చేపల కూర పళ్లెం నాకినట్టు తిని, "మంచిగనే ఉన్నది గని, మల్ల చెయ్యకు" అన్నడు. ఏది వండినా గదే మాట.

ఓసారి సాంచలు బందువడి చేతిల పని లేక ఇంట్ల కూసున్నడు. అప్పుడు ఒక్కనాడు నా చెయ్యి పట్టుకొని, "ఇల్లు ఎల్లదీస్తున్న చెయ్యి ఇది, ఊకె తీస్తున్ననా దిష్టి?" అన్నడు. మల్ల ఎన్నడు ఆ మాట ఎత్తలే.

ఆయన ఉన్నప్పుడే మస్కట్ల ఓ పెండ్లికి మాటిచ్చి ఉంటిమి. జగిత్యాలల ఉండే మా బిడ్డ, "పోయిరా అమ్మా, పనిల వడితే మనసు కుదురుతది. వచ్చేటప్పుడు మాత్రం సీదా మా ఇంటికే రా" అన్నది. పోవుడుకు నాకు భయం కాలే. తిరిగచ్చుడుకే భయమయ్యింది. అక్కడ వందల మందికి వండిన. ఏం వండుతున్నా, ఇంటికి పోతే ఎవలున్నరు అన్నదే మనసుల తిరిగింది.

మొన్న కారు సిరిసిల్లకు రాంగనే, "జగిత్యాల దాంక పోదాం, బిడ్డ కాడ దిగు" అన్నది అక్క. వద్దన్న. నేను ఎన్నడొచ్చినా ఆయన ఇల్లు విడిచిపెట్టి పోలే. నేనెట్ల పోత?

గల్లీల సాంచలు నడుస్తనే ఉన్నయి. గడప ముంగట బ్యాగు పెట్టి, ఎప్పటి లెక్కనే కుడి చెయ్యి సాపి నిలవడ్డ. ఎందుకు నిలవడ్డనో నాకే తెల్వదు. ఎదురింటి ఖాలా వాకిట్ల నుంచి సూసింది. ఈసారి నవ్వలే.

సాపిన చేతిల తాళంచెవి ఉన్నది.