ఎనామిల్ కింద పసుపు

పాత చెక్క అమ్మేవాడికి నోరే పెట్టుబడి. కంకిపాడులో పడగొట్టిన రైసుమిల్లు కిటికీ తెచ్చి, గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించి నాలుగుసార్లు తిప్పానంటే మట్టీ, పుచ్చిన మెత్తటి చెక్కా రాలిపోయి గట్టి చారలు పైకి తేలతాయి. ఆ చారలు చూపించి, "జమీందారుగారి ఏనుగులశాల కిటికీ అండీ ఇది. దంతాలతో గీసిన గీతలు" అనేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ గ్లాసులతో వచ్చేది.

"నిన్న ఇదే కిటికీ ఓడలోదన్నారుగా? ఏనుగు ఓడెప్పుడెక్కిందండీ?"

కొనడానికొచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవారు. నవ్వినవాళ్ళు కొనకుండా పోయేవారు కాదు.

ఆవిడకి నా మీద రెండు ఫిర్యాదులు. ఒకటి మాస్కు. "ఆ దుమ్మంతా గుండెల్లో పోసుకుంటున్నారు, మూతికి అది తగిలించుకోరేం?" అని డజను మాస్కులు కొనితెచ్చి మేకుకి తగిలించింది. "వాసన తగలకపోతే చెక్కతో పని చెయ్యలేనే" అనేవాణ్ణి. అది మాత్రం కోత కాదు. బ్రష్ తగలగానే టేకు ఒక వాసన వేస్తుంది, వేప ఇంకొకటి. ఏ పొర పోయింది, ఎక్కడ చెయ్యి ఆపాలి, అన్నీ ముక్కే చెబుతుంది.

రెండో ఫిర్యాదు గడప. భవానీపురంలో మా పెంకుటింటి గడపకి కాపురానికొచ్చినప్పటినుంచీ ప్రతి శుక్రవారం పసుపు రాసేది. నడుంనొప్పి మొదలైంది. వంగలేక వంగలేక రాస్తుంటే చూడలేక, ఆవిడ పుట్టింటికెళ్ళిన రెండ్రోజుల్లో నేనో ఘనకార్యం చేశాను. పసుపురంగు ఎనామిల్ డబ్బా తెచ్చి గడపంతా వేసి, పైన ఎర్రచుక్కలు పెట్టేశాను.

"ఇంక వందేళ్ళదాకా వంగక్కర్లేదు నువ్వు."

ఆవిడ సంచి కిందపెట్టి అలాగే చూసింది. "ఇన్నేళ్ళ పసుపుని మూసేశారా?"

మూడు రోజులు ఆ గడప దాటకుండా పెరటి గుమ్మంలోంచే తిరిగింది. నాలుగో రోజు మాత్రం, కూర బావుందా అని అడిగింది.

తర్వాత ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చాం. ఆవిడ ఒక్కటే కోరింది. "ఆ గడప తీసి దాచండి. ఆ రంగు వదిలించి, నా పసుపు పైకి తెచ్చి, కొత్త ఫ్లాటుకి పెట్టించండి. ఊళ్ళోవాళ్ళ చెక్కలన్నీ బాగుచేస్తారుగా."

"ఓస్, ఎంత పని!" అన్నాను.

మూడో శ్లాబు పడుతుండగా ఆవిడకి జ్వరం వచ్చింది. ఐదు రోజులు. నా కథల్లో కూడా ఎవర్నీ అంత తొందరగా చంపలేదు నేను.

గృహప్రవేశానికి వారం ఉందనగా గడపని బల్లమీద పెట్టాను. మేకులు ఒక్కొక్కటీ పీకాను. ఆవిడ తెచ్చిన మాస్కుల్లో ఒకటి మిగిలింది. ఆవిడ గడప కదా, ఆవిడ మాట ఒక్కసారైనా విందామని పెట్టుకున్నాను. ముందు నైలాన్ బ్రష్‌తో మెల్లగా తిప్పాను. ఎనామిల్ చెక్కు చెదరలేదు. ఎంత మంచి రంగు కొన్నానో అప్పుడు తెలిసింది. వైర్ బ్రష్ బిగించాను. పెచ్చులు లేచాయి. పసుపు దుమ్ము రేగింది. రంగే పోతోందనుకుని ఇంకాస్త నొక్కాను. ఆ మూలనుంచి ఈ మూలకి వచ్చి, తుడిచి చూద్దునుగదా, కింద వట్టి వేపచెక్క. చారలు బ్రహ్మాండంగా తేలాయి. అమ్మకానికైతే అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

మాస్కు తీశాను. షెడ్డంతా పసుపు వాసన.

నా ముక్కు నాకుండి ఉంటే మొదటి చుట్టుకే చెయ్యి ఆగిపోయేది. ఇరవై రెండేళ్ళు వినని మాట ఆ ఒక్కరోజు విన్నాను.

గడప పెట్టించాను. గృహప్రవేశంనాడు గుణదలనుంచి మా అక్క పొద్దున్నే వచ్చి, గిన్నెలో పసుపు కలుపుతూ గడపని తడిమింది.

"ఏంట్రా ఇది, ఇంత బోసిగా ఉంది? పాత గడపన్నావుగా."

నేను జేబులోంచి మాస్కు తీసి, ఆ గిన్నెమీద పట్టుకుని, దాన్ని వేలితో రెండుసార్లు కొట్టాను. చిటికెడు పసుపురంగు పొడి రాలింది.

"ఒరేయ్, దుమ్ము కలుపుతావేంట్రా!"

"దుమ్ము కాదక్కా. నీ మరదలు రాసిన పసుపు."

అక్క గిన్నె దూరంగా జరుపుకుంది. "ఇవాళ కూడానా? దాని పేరు చెప్పి కూడా కోతలేనా నీకు?"

ఏనుగు ఓడెక్కిందన్నా నవ్వుకుంటూ కొనుక్కెళ్ళిన ఊరు ఇది. తలుపు దగ్గర నుంచుని ఎవరైనా టీ గ్లాసులతో వస్తారేమోనని వెనక్కి చూశాను. అక్క అప్పటికే గిన్నె పట్టుకెళ్ళి సింకులో ఒంపేసి, కొత్త పసుపు ప్యాకెట్ చింపుతోంది.